గాలి అన్నానికి పోయే వేళ

నేను బడి మానేసింది ఒక మధ్యాహ్నం. ఐదో తరగతిలో అన్నం బెల్లు కొట్టగానే ఇంటికి వచ్చాను, తిన్నాను, తిరిగి పోలేదు. మా అయ్యవారు ఆ తర్వాత చాలా రోజులు మా నాయన ఎదురైనప్పుడల్లా "ఏమప్పా, వాడింకా తింటానే ఉండాడా?" అని అడిగేవారట. ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు. అప్పటినుంచి నా బతుకంతా మధ్యాహ్నపు అన్నం చుట్టూనే తిరిగింది. కాకపోతే తినడం తక్కువ, పెట్టడం ఎక్కువ. బస్టాండు హోటల్లో ప్లేట్లు కడిగాను, పెళ్లిళ్లలో గుండిగలు దించాను, రోడ్డు పనుల క్యాంపుల్లో వండాను, చివరికి కంపెనీ మెస్సుల్లో వంట మాస్టరునయ్యాను. మోకాళ్లు మొరాయించాక గరిట దించేశాను.

ఇప్పుడు మెస్సు పనిలో కొత్తగా చేరే పిల్లలు నా దగ్గరికి వస్తే అడిగేది ఒకటే. వందమందికి ఉప్పు అంచనా ఎట్లా వేయాలని. ఉప్పుదేముంది నాయనా, తక్కువైతే వేస్తారు, ఎక్కువైతే తిడతారు, రెండూ ఆ పూటతో పోతాయి. మెస్సులో అసలు కష్టం గడియారం. ఏ మనిషికి ఎప్పుడు ఆకలేస్తుందో, ఆ వేళకే ఎందుకేస్తుందో కొలవడానికి గ్లాసు లేదు. ఆ సంగతి నాకు తెలిసొచ్చింది కుందుర్పి అవతల ఒక గుట్ట మీద.

తొంభైల చివర్లో మన గుట్టల మీద గాలిమరలు లేస్తున్న రోజులవి. ఊళ్లవాళ్లు వాటిని ఫ్యాన్లు అనేవారు. "ఇన్ని ఫ్యాన్లేస్తే ఉండే నాలుగు మేఘాలు గూడా ఎగిరిపోవా?" అని ముసలివాళ్లు నిజంగానే దిగులుపడేవారు. గుట్ట నెత్తిన రేకుల షెడ్డులో నా వంటిల్లు. అక్కడి గాలి మామూలుది కాదు. విస్తరాకు వేస్తే దాని మీద ఒక రాయి పెట్టాలి. అన్నం పడ్డాక రాయి తీసి పక్కన పెట్టుకోవాలి. నేను ముందు రాళ్లు వడ్డించి, తర్వాత అన్నం వడ్డించేవాణ్ణి. "ఈ మెస్సులో రాళ్లు బియ్యంలో ఉండవు, ఆకులో ఉంటాయి" అని నేనే చెప్పుకునేవాణ్ణి, ఇంకెవరూ మెచ్చుకునేవారు కాదు కాబట్టి.

ఆ గుట్ట మీద తినే జాతులు నాలుగు.

మొదటిది తాళ్ల ముఠా. గుట్ట కింది పల్లె మనుషులు. రెక్కలు పైకి లేచేటప్పుడు అవి గిర్రున తిరిగిపోకుండా, కొనలకు కట్టిన తాళ్లు పట్టుకుని నేల మీద నిలబడేది వీళ్లే. వీళ్ల మేస్త్రి ఒకప్పుడు గొర్లు కాచినవాడు. వానల్లేక గొర్లు అమ్మేసి, శెనక్కాయ పైరు ఎండగొట్టుకుని, ఈ పనికి వచ్చాడు. పొద్దున ఖాళీ కడుపుతో గుట్టెక్కి, పదింటికి సద్ది విప్పేవారు. రాగి సంగటి ముద్ద, శెనక్కాయలు నూరిన ఊరిబిండి, ఉల్లిగడ్డ. మళ్లీ మూడింటికి నా దగ్గర అన్నం. మధ్యలో మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టరు.

రెండోవాడు డెన్మార్క్ నుంచి వచ్చిన దొర. మర బిగించే పనికి పెద్ద. ఆయన పన్నెండుకు తింటాడు. పన్నెండంటే పన్నెండే. నేను రైలు పట్టా ముక్క మీద ఇనుప కడ్డీతో కొట్టాలి, ఆయన ఏ పనిలో ఉన్నా వదిలేసి డబ్బా తెరవాలి. అందులో ఇటుకలాంటి నల్ల రొట్టె, దాన్ని సన్నగా కోసి పైన వెన్న, దోసకాయ ముక్క. వేడన్నదే లేదు. అరగంటలో డబ్బా మూసి లేచేవాడు.

మూడోవాడు ఇంజినీరు సారు, మద్రాసు మనిషి. ఆయనకు ఒంటిగంటకు కింది నుంచి జీపులో క్యారియరు వస్తుంది. నా వంట తినడు. నాకేం బాధ లేదు, నేనూ చాలాసార్లు తినలేదు. నాలుగోవాడు క్రేను నడిపే సర్దార్జీ. క్రేను ఇంజను చల్లబడితేగానీ ఆయన కడుపు వేడెక్కదు. రెండుకో రెండున్నరకో రొట్టెలు తిని, క్రేను నీడలో ఒక కునుకు తీస్తాడు. పదింటి నుంచి మూడింటి దాకా ఆ గుట్ట మీద ఎవరో ఒకరు నములుతూనే ఉండేవారు. నా పొయ్యి ఆరింది లేదు.

వేళల గొడవ ఒకటైతే, పిలుపుల గొడవ ఇంకొకటి. మన వైపు సద్ది విప్పినవాడు ఎదురుగా కుక్క పోయినా "తిందాం రా" అంటాడు. అవతలివాడు "మాదయింది, నువ్వు కానీ" అంటాడు. తినకపోయినా అంటాడు. ముఠా వాళ్లు రోజూ దొరను "తిందాం రాండి" అని పిలిచేవారు. ఆయన గడియారం చూసి, ఇంకా పది కదా అన్నట్టు తల ఊపి పోయేవాడు. పన్నెండుకు తన డబ్బా తెరిచినప్పుడు మాత్రం ఎవరినీ పిలిచేవాడు కాదు. ఒక బండ మీద కూర్చుని, ఒంటరిగా, దూరంగా చూస్తూ తినేవాడు.

"పిసినారోడు ల్యా" అన్నాడు ముఠాలో ఒకడు.

"పిసినారి కాదప్పా, పాపం" అన్నాడు మేస్త్రి. "యాడో సముద్రం అవతల నుంచి వచ్చినాడు. పిలిస్తే పలికేటోళ్లు ల్యాక, పిలిచేదే మర్చిపోయినాడు."

ఒకసారి ఇంజినీరు సారును అడ్డం పెట్టుకుని నేనే దొరను అడిగించాను, పన్నెండు దాటితే ఏమవుతుందని. ఆయన నవ్వలేదు. ఆ అరగంట కంపెనీది కాదు, నాది అన్నాడు. వాళ్ల తాత మిల్లులో పనిచేసేవాడట. ఆ కాలంలో మిల్లువాళ్లంతా పని ఆపి, కొట్లాడి ఆ అరగంట తెచ్చుకున్నారట. దాన్ని జరపమని ఎవరడిగినా తాత జేబులో చెయ్యి పెట్టినట్టే.

మేస్త్రి అంతా విన్నాడు. "అరగంట కోసరం కొట్లాడినారా? మాకు కరువులో దినమంతా ఖాళీనే కదా. అడిగింటే మేమే పంపిస్తాంటిమి."

నవ్వులు ఇట్లా సాగుతుండగా పని మాత్రం సాగడం లేదు. ఆ గుట్టకు చివరి ఫ్యాను మిగిలింది. స్తంభం లేచింది, దాని నెత్తిన యంత్రం కూర్చుంది. మూడు రెక్కలూ నేల మీదే బిగించి పువ్వులా పెట్టారు. ఆ పువ్వును ఎత్తి పైన తగిలించాలి. దానికి గాలి ఆగాలి. ఆ నెలలో రాత్రీ పగలూ గాలే. ఆగితే పదకొండుకూ ఒంటిగంటకూ మధ్య, అదీ కాసేపు. ఎత్తి బిగించడానికి గంటకు పైన పడుతుంది. పదింటికి తాళ్లు సర్దుదామంటే ముఠా సద్దికి కూర్చుంటుంది. సర్దేసరికి పదకొండు దాటుతుంది. అప్పుడు మొదలుపెడితే మధ్యలో పన్నెండు పడుతుంది కాబట్టి దొర మొదలుపెట్టడు. దొర లేచేసరికి ఇంజినీరు సారు క్యారియరు. ఆయన చెయ్యి కడిగేసరికి గాలి వచ్చేసేది. అప్పుడు సర్దార్జీ రొట్టెలు విప్పేవాడు.

ఆ వారం బుధవారం కంపెనీ నుంచి కబురు వచ్చింది. శనివారం క్రేను వెళ్లిపోతుంది. ఆలోపల రెక్కలెక్కకపోతే, తర్వాతి గుట్ట పనికి ముఠాను మార్చి వేరే చోటి వాళ్లను తెస్తారు. ఇంజినీరు సారు కబురు చదివి, అందరిలోకీ చెప్పడానికి తేలికైన మనిషి దగ్గరికి వెళ్లాడు.

"మేస్త్రి, మీ సద్ది వల్లనే లేటు. రేపు సద్ది లేదు. అందరూ పన్నెండుకే తినాలి, ఒకేసారి. పన్నెండున్నరకు ఎత్తేస్తాం."

మేస్త్రి తర్వాత నా షెడ్డు దగ్గరికి వచ్చి బీడీ వెలిగించాడు. "మా పల్లెలో ఈ పని ఉండేదానికే పద్దెనిమిది ఇండ్లల్లో పొయ్యి ఎలుగుతాండాది మాస్టరూ. ఇది పాయ అంటే మళ్లా బెంగుళూరు బస్సే. ఆడోళ్లు, ముసిలోళ్లు అందరూ."

"సద్ది ల్యాకుండా మీవోళ్లు తాళ్లు పట్టగలరా?"

"కడుపు పట్టుకుంటారు. రెండో చేత్తో తాడు పట్టుకుంటారు."

నాకు మాత్రం, నిజం చెప్పొద్దూ, ఉత్సాహం వచ్చింది. గుట్ట మీద ఎవరూ చేయలేనిది, నాలుగు జాతుల్నీ ఒక్క పంక్తిలో కూర్చోబెట్టడం, నా చేతిలో పడింది. గురువారం జీపును ముందే పంపి క్యారియరు తెప్పించాను. సర్దార్జీకి ఇష్టమని పెరుగులో ఉల్లిగడ్డ వేశాను. పన్నెండుకు పట్టా కొట్టాను. అందరూ వచ్చారు. ఈ చివర ముఠా, మధ్యలో సర్దార్జీ, ఆ పక్కన ఇంజినీరు సారు, ఆ చివర బండ మీద దొర. పెళ్లిళ్లలో కూడా అంత చక్కటి పంక్తి చూడలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తూ నిలబడ్డాను.

అందరూ సగం తిన్నారు. అప్పుడు మేస్త్రి ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగాడు.

"ఏం మాస్టరూ, ఈ పొద్దు రాళ్లు వడ్డించల్యా?"

చూసుకున్నాను. నిజమే. ఏ ఆకు మీదా రాయి లేదు. ఒక్క ఆకూ కదలడం లేదు. నా పొయ్యి పొగ దారం లాగినట్టు నిటారుగా ఆకాశంలోకి పోతోంది. దొర రొట్టె ముక్క నోటి దగ్గరే పెట్టుకుని, గాలి చూడటానికి కర్రకు కట్టిన గుడ్డ వైపు తల తిప్పాడు. గుడ్డ ఉతికి ఆరేసిన పంచెలా వేలాడుతోంది. పంక్తి మొత్తం, నోట్లో ముద్దలతో, ఆ గుడ్డనే చూసింది. రోజంతా ఉన్న ఒక్క మంచి ఘడియను మేమందరం కలిసికట్టుగా, క్రమశిక్షణతో తినేస్తున్నాం.

లేచారు, చేతులు కడిగారు, పరిగెత్తారు. క్రేను ఇంజను గుర్రుమనేసరికి గుడ్డ లేచింది. నా వెనక ఆకులన్నీ ఒకటొకటిగా లేచి గుట్ట దిగిపోయాయి. సర్దార్జీ ఇంజను ఆపేశాడు. ఎవరూ ఎవరినీ తిట్టలేదు. అదే బాగాలేదు.

సాయంత్రం టీ దగ్గర ఇంజినీరు సారు తేల్చేశాడు. "రేపే ఆఖరు. రేపు ఎవరూ తినొద్దు. రెక్కలెక్కినాకే అన్నం."

"పేట్ ఖాళీ, క్రేన్ బంద్" అన్నాడు సర్దార్జీ. కడుపు ఖాళీ అయితే తాను లివరు ముట్టనని ఆ మాటకు అర్థం. దొర కూడా తల అడ్డంగా ఊపాడు. ఆకలిగా ఉన్న మనుషుల్ని అంత బరువు కింద నిలబెట్టనన్నాడు. మేస్త్రి టీ గ్లాసులోకి చూస్తున్నాడు.

నాకు నోరు ఆగదు కదా. "సారూ, పన్నెండుకు గాలి అన్నానికి పోతాది. అది పోయేలోగా మనం తినొస్తే సరిపోదా? పదికే పెడ్తా అందరికీ. సద్ది."

నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. ఇంజినీరు సారు గొంతు సవరించుకున్నాడు. తాను ముందురోజే తీసేసిన సద్దిని తానే పిలవాలి. నా వైపు చూడకుండా ఇంగ్లీషులో దొరకు చెప్పాడు. దొర విని ఒక మాట చెప్పాడు. సారు మాకు తెలుగు చేసి చెప్పాడు.

"పదికి తింటాడట. కానీ అది లంచ్ కాదట. లంచ్ పన్నెండుకేనట."

మేస్త్రి గ్లాసు కింద పెట్టి లేచాడు. "తాత జేబు" అని మాత్రం అన్నాడు.

శుక్రవారం తెల్లవారకముందే సంగటి కెలికాను. ముఠాతో తాళ్లన్నీ ముందే సర్దించి, అందరినీ పదికి కూర్చోబెట్టాను, రాళ్లతో సహా. సర్దార్జీ ముద్దను రొట్టెలా తట్టబోయి, అది చేతికి అంటుకుంటే నవ్వి, మింగేశాడు. ఇంజినీరు సారు ముందు కొంచెం తిన్నాడు, తర్వాత ఊరిబిండి ఇంకా ఉందా అని అడిగాడు. దొర నల్ల రొట్టె అయిపోయింది. ఆయన తన ముద్దను చల్లారనిచ్చాడు. జేబులోంచి చాకు తీసి, ముద్దను పలకలు పలకలుగా కోశాడు. ఒక్కో పలక మీద ఊరిబిండి పూసి, పైన దోసకాయ ముక్క పెట్టి తిన్నాడు.

"సంగటికి ఆపరేషన్ చేస్తాండాడు రా" అన్నాడు ముఠాలో ఒకడు.

"బతుకుతాదా?" అన్నాడు మేస్త్రి.

దొర కళ్లలో నీళ్లు తిరిగాయి. కారం. అయినా పలకలన్నీ పూర్తి చేశాడు.

పదకొండు దాటాక గుడ్డ వాలింది. దొర అప్పటికే స్తంభం లోపలి నిచ్చెన ఎక్కి పైన ఉన్నాడు. పువ్వు నేల విడిచింది. మూడు రెక్కలూ మెల్లగా నిలబడ్డాయి. ముఠా రెండు వైపులా తాళ్లు పట్టి, వెనక్కి వాలి, మడమలు నేలలో దిగేసి నిలబడింది. మేస్త్రి ఒక చెయ్యి పైకెత్తి, వదలండి, లాగండి అని వేళ్లతోనే చెప్తున్నాడు. పువ్వు పైకి చేరి యంత్రం ముందు ఆగింది. దొర, ఇంకో మనిషి లోపలి నుంచి దాన్ని పట్టుకుని బోల్టులు దూర్చడం మొదలుపెట్టారు. సగం బోల్టులు పడ్డాయి. అప్పటికి మా నీడలు మా కాళ్ల కిందికి వచ్చేశాయి.

పన్నెండయింది. కడ్డీ నా చేతిలో ఉంది. రోజూ కొట్టే చెయ్యి కదా, తనంతట తానే లేచింది. దాన్ని దించి, కడ్డీని బియ్యం మూటల వెనక దాచి వచ్చాను.

ఇంజినీరు సారు చేతిలో వాకీటాకీ గరగరమంది. దొర గొంతు. టైమెంతని అడుగుతున్నాడు. సారు నా వైపు చూశాడు.

"పదకొండున్నర అని చెప్పండి సారూ" అన్నాను మెల్లగా.

ఆయన అబద్ధం చెప్పలేదు. పన్నెండు అన్నాడు. వాకీటాకీ మూగబోయింది. తాళ్లు పట్టినవాళ్లెవరికీ ఇంగ్లీషు రాదు, కానీ ఏం జరుగుతోందో అందరికీ తెలుసు. మేస్త్రి చెయ్యి అట్లాగే గాల్లో ఉంది. అతని చూపు రెక్క మీద లేదు, పైన యంత్రానికున్న చిన్న తలుపు మీద ఉంది.

మళ్లీ గరగర. సారు విన్నాడు. ముఖం సడలింది.

"బోల్టులు ఇంకా ఉన్నాయట. తాత ఏమీ అనుకోడట" అన్నాడు.

చివరి బోల్టు పడి, కొక్కెం విడిచి, తాళ్లు విప్పేసరికి పన్నెండున్నర దాటింది. గుడ్డ కొన మెల్లగా కదిలింది. ముఠా ఉన్నచోటే నేల మీద కూలబడింది. కేకలేం వేయలేదు, అరచేతులు చూసుకున్నారు. అప్పుడే పైనుంచి ఇంకో కోరిక వచ్చింది. బోల్టులు గట్టిగా బిగించే పని చాలా ఉంది, దిగడానికి వీల్లేదు, సంగటి మిగిలి ఉంటే పంపించమని. చల్లారిన ముద్దను నేనే పలకలుగా కోసి, ఈసారి కారం తగ్గించి, డబ్బాలో పెట్టాను. సామాన్లు ఎత్తే తాడుకు కట్టాం. మేస్త్రే లాగాడు. డబ్బా ఊగుతూ ఊగుతూ పైకి పోయింది. ఒక చెయ్యి బయటికి వచ్చి దాన్ని అందుకుంది.

కాసేపటికి వాకీటాకీ మళ్లీ గరగరమంది. ఈసారి ఇంగ్లీషు కాదు.

"తిందాం రాండి."

అందరం తలెత్తి చూశాం. ఇన్నాళ్లూ బండ మీద కూర్చుని ఎవరినీ పిలవని మనిషి, ఎవరూ ఎక్కి రాలేని చోటు చూసుకుని మరీ పిలిచాడు. ముఠాలో ఒకడు నవ్వబోతే మేస్త్రి కళ్లతోనే ఆపాడు. ఇంజినీరు సారు చేతిలోని వాకీటాకీని మేస్త్రి అడగకుండానే తీసుకుని, తలకిందులుగా పట్టుకుని, గట్టిగా అన్నాడు.

"మాదాయప్పా, నువ్వు తిను."

జవాబు రాలేదు. నొక్కాల్సిన బటను అతనికి తెలియదు. ఇంజినీరు సారు దగ్గరికి వచ్చి, దాన్ని తిన్నగా తిప్పి, బటను తానే నొక్కి పట్టుకున్నాడు.

"ఇప్పుడు చెప్పన్నా" అన్నాడు. అంతవరకూ ఆయన అతన్ని అన్నా అని పిలవగా నేను వినలేదు.

మేస్త్రి ఈసారి అరవలేదు. పక్కన కూర్చున్నవాడితో అన్నట్టు అన్నాడు. "మాదాయ. నువ్వు నెమ్మదిగా తిను."

ఆ సాయంత్రమే సారు కంపెనీకి చెప్పాడు, తర్వాతి గుట్టకు ఇదే ముఠా కావాలని. అక్కడ రెండేళ్లు పని నడిచింది. అక్కడ ఆయన క్యారియరు పదికే వచ్చేది. దొర మాత్రం మళ్లీ పన్నెండుకే మారాడు. దానికెవరూ ఏమీ అనలేదు. అరగంట ఆయనదే కదా.

కానీ ఆ శుక్రవారం ఇంకొకటి జరిగింది. మూడింటికి ముఠాకు అన్నం పెట్టాను. గాలి మామూలుగా వీస్తోంది, ముందు రాళ్లు వడ్డించాను. పంక్తి చివర ఒక ఆకు ఎక్కువ పడింది. తీయబోతే మేస్త్రి ఉండనీ అన్నాడు. అందరూ తిని లేచినా ఆ ఆకు, దాని మీద రాయి అట్లాగే ఉన్నాయి. పొద్దు వాలే వేళకు దొర స్తంభం దిగి, చేతుల గ్రీజు తుడుచుకుంటూ వచ్చి ఆ ఆకు ముందు ఆగాడు. మేస్త్రి ఎదురుగా చతికిలబడి బీడీ తాగుతున్నాడు.

దొర గడియారం చూసుకోలేదు. రాయి తీసి పక్కన పెట్టి, కూర్చున్నాడు. అది ఏ పూట భోజనమో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. నేను అన్నం తెచ్చాను.